ఎడమ స్పీకరు పక్కన

ముప్పై ఒక్క ఏళ్లు నా చేతిలో ఒక టార్చిలైటు.
సెతుబల్ రేవులో, సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ వెనక వీధి,
తెర మీద ఏ దేశం కనిపించినా
హాలంతా మా చేపల వాసనే.
నా పేరు ఫెలిజ్మీనా. ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు.
"ఇటు చూపించు, లైటమ్మా" అనేవాళ్లు.

ఆ సినిమా పందొమ్మిది వారాలు ఆడింది, రోజుకి మూడాటలు.
మూడు వందల తొంభై ఎనిమిది సార్లు విన్నాను.
పోయింది ఒక్క ఆట,
పన్ను పీకించుకున్న మధ్యాహ్నం.

మంచు. రేవు మెట్లు. ఆమె చేతిలో లాంతరు.
పడవెక్కబోతూ కెప్టెను వెనక్కి తిరిగి
దీపం ఆర్ప... అంటాడు,
సరిగ్గా అప్పుడే ఓడ కూత.
మాట సగం నీళ్లలో మునిగిపోయింది.

మునిగిన సగాన్ని ఊరు తన వలేసి లాగింది.
వలలో పడింది ఇదీ:
"దీపం ఆర్పకు. నేనొస్తా."

నేను నిలబడేది ఎడమ స్పీకరు పక్కన.
అక్కడ కూత పలచన.
కెప్టెను అన్నది
"దీపం ఆర్పెయ్. నూనె దండగ."

అంతే. పొదుపు మనిషి.
ఆమె నిజంగానే ఆర్పేస్తుంది కూడా, తర్వాతి సీన్లో.
ఎవరు చూస్తారు,
అప్పటికి అందరి కళ్ల మీదా చేతిరుమాళ్లు.

ఇక ఆ మాట ఊరు మీద పడింది.
సారాకొట్టు బోర్డెక్కింది. కొంతమంది నావికుల మోచేతులెక్కింది.
సమ్మె రోజుల్లో డబ్బాల ఫ్యాక్టరీ ఆడవాళ్లు
దుప్పటి మీద ఎర్రరంగుతో రాసి గేటుకి కట్టారు.
ఫాదర్ ఆనీబల్ ఒక ఆదివారం
అది సువార్తలోదే అన్నట్టు చదివేశాడు,
ముందు వరసల్లో ఆమెన్ కూడా అన్నారు.

మంగలి బెల్మీరోతో పందెం కాశాను,
సగం గడ్డం నురగలో ఉండగానే గిరాకీ నవ్వాడు నన్ను చూసి.
"ఊరంతటికీ చెవుడూ, నీ ఒక్కదానికే చెవులూనా?"
నిజం నా దగ్గరే ఉంది కానీ
దాన్ని పెట్టుకోడానికి ఊళ్లో చోటు లేదు.

మా అక్క జుల్మీరా ఆ మాటే పట్టుకుని
కాడ్ చేపల పడవెక్కినవాడి కోసం
కిటికీలో దీపం పెట్టింది.
నూనెకి నా దగ్గరే అప్పు చేసేది.
ఆరేళ్లు.
ఏడో ఏడు వాడొచ్చాడు.
ఇంక అక్కతో ఏం వాదించను?

హాలు మూసేసే ఏడాది ఆఖరి ఆటకి
ఆ కెప్టెను వేషం కట్టినాయన్ని పిలిచారు.
చేతికర్ర, చెవిలో మిషను, కోటుకి ఒక గుండీ తక్కువ.
ఆ సీను రాగానే నాలుగు వందల గొంతులు లేచాయి
దీపం ఆర్పకు అంటూ,
కూత కూడా వినపడలేదు.
తర్వాత ఆయన్ని మైకు ముందు నిలబెట్టి
అనమన్నారు.
అన్నాడు.
ఊరు అన్నదే అన్నాడు, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ.
బెల్మీరో వెనక్కి తిరిగి నన్ను వెతికాడు,
నేను తెర వైపు చూశాను.

ఆయన్ని పక్కదారిన బయటికి తీసుకెళ్లడం నా వంతు.
చీకట్లో మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఇన్నేళ్లు ఇక్కడే నిలబడ్డావటగా" అన్నాడు మెల్లగా,
"అసలు ఆ వేళ నేనేమన్నాను?
నాకు గుర్తులేదు."

నోటి దాకా వచ్చింది.
నూనె, దండగ, రెండు మాటలు, మూడు వందల తొంభై ఎనిమిది సార్లు.
వెనక హాల్లో ఎవరో ఇంకా అంటూనే ఉన్నారు,
చిన్నపిల్ల గొంతు, నత్తినత్తిగా.

టార్చి కిందికి దించాను.
రోజూ అనేదే అన్నాను,
ఎవరూ ఎప్పుడూ తప్పుగా చెప్పని నా ఒక్క డైలాగు:
"మెట్టుంది. చూసి అడుగెయ్యండి."